బెంగళూరు నుంచి అలాస్కా క్రూజ్: ఓడ ఎక్కేలోపు 21 గంటల విమాన ప్రయాణం, పెద్దవాళ్లతో ఎలా?

జయనగర్_నాలుగోబ్లాక్ (బెంగళూరు)

అందరికీ నమస్కారం. జూన్‌లో అమ్మానాన్నలతో అలాస్కా క్రూజ్ అనుకుంటున్నాం. ఏడు రాత్రులు, సియాటిల్‌లో ఎక్కి సియాటిల్‌లోనే దిగడం. ఓడ శనివారం సాయంత్రం 4 గంటలకు బయల్దేరుతుంది. నాన్నకు 67. షుగర్ ఉంది: రాత్రి 10కి గ్లార్జిన్ ఇన్సులిన్, రెండు పూటలా మెట్‌ఫార్మిన్. అమ్మకు 62, మోకాళ్ల నొప్పులు, పిక్కల మీద ఉబ్బిన నరాలు. చూసిన టికెట్: బెంగళూరులో తెల్లవారుజామున 4కి విమానం, దుబాయ్‌లో మారడం, అదే శనివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు సియాటిల్. ఒక రోజు హోటల్ ఖర్చు మిగులుతుంది కదా అనుకున్నాం. దుబాయ్ నుంచి పద్నాలుగున్నర గంటలు ఏకబిగిన కూర్చోవడమే భయంగా ఉంది. కాళ్లకు, నిద్రకు, మందులకు, తిండికి ఏమేం చూసుకోవాలో తెలిసినవాళ్లు చెప్పగలరు.

టికెట్ల_లెక్క (కోరమంగళ)

మీరు కాళ్ల గురించి, నిద్ర గురించి అడిగారు. వాటికంటే ముందు ఆ టికెట్ వదిలేయండి. దూరపు విమానం బాగా సాగుతుందా లేదా అన్నది సీట్లో కూర్చున్నాక కాదు, టికెట్ కొనేటప్పుడే తేలిపోతుంది.

లెక్క చూడండి. పన్నెండున్నరకు విమానం దిగుతుంది. వీల్‌చైర్ అడిగితే మిమ్మల్ని చివర్లో దించుతారు. ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ అన్నీ అయ్యేసరికి గంట నుంచి రెండు గంటలు. విమానాశ్రయం నుంచి రేవుకు ఇరవై కిలోమీటర్లకు పైనే. ఓడలో ఎక్కడానికి చెక్-ఇన్ గేటు బయల్దేరే సమయానికి గంట నుంచి రెండు గంటల ముందే మూసేస్తారు, ఎందుకంటే ప్రయాణికుల జాబితా ఖరారు చేసి అధికారులకు పంపాలి. అంటే అన్నీ సవ్యంగా జరిగినా మీకు మిగిలేది అరగంట. దుబాయ్‌లో విమానం రెండు గంటలు ఆలస్యమైతే ఏడు రాత్రుల డబ్బు పోయినట్టే.

"తర్వాతి రేవులో ఎక్కుతాం" అనుకోకండి. ఇక్కడ 1886 నాటి అమెరికా చట్టం ఒకటి అడ్డొస్తుంది. విదేశీ జెండా ఉన్న ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్న ప్రయాణికుణ్ని, మధ్యలో దూరదేశపు రేవు తాకకుండా, వేరే అమెరికా రేవులో దించకూడదు. అలాస్కా ఓడలన్నీ దాదాపు విదేశీ జెండావే. మీరు సియాటిల్‌లో ఓడ తప్పిపోయి అలాస్కా రేవు జూనోలో ఎక్కి సియాటిల్‌లో దిగితే ఆ నియమం తప్పినట్టు. మధ్యలో కెనడాలోని విక్టోరియా తగిలినా సరిపోదు, అది దగ్గరి రేవు కింద లెక్క. పైగా జూనోకు రోడ్డు మార్గమే లేదు, విమానమో పడవో తప్ప దారి లేదు.

ఎక్కిన రేవులోనే దించే ఓడకు మాత్రం దగ్గరి విదేశీ రేవు ఒకటి చాలు. ఆ విక్టోరియా ఆగడం కూడా ఈ చట్టం వల్లే. అందుకే సియాటిల్ ఓడకైనా అమెరికా వీసాతో పాటు కెనడా వీసా ఉండాలి. విక్టోరియాలో దిగినా దిగకపోయినా ఓడ కంపెనీ చెక్-ఇన్‌లోనే అడుగుతుంది. "అమెరికా నుంచి అమెరికాకే కదా" అని ఈ ఒక్కటి మరిచిపోయేవాళ్లు ఎక్కువ.

గురువారం మధ్యాహ్నానికి సియాటిల్ చేరేలా కొనండి. రెండు రాత్రుల హోటల్ ఖర్చవుతుంది, నిజమే. కానీ మిగతా సమస్యల్లో సగానికి అదే మందు: ఆలస్యానికి, తప్పిపోయిన సామానుకు, నిద్రకు, కాళ్ల వాపుకు. ఇంకోటి, బెంగళూరు నుంచి సియాటిల్ దాకా అంతా ఒకే పీఎన్ఆర్‌లో ఉండాలి. దుబాయ్ దాకా ఒక టికెట్, అక్కణ్నించి వేరే టికెట్ అయితే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండోవాళ్లకు మీతో సంబంధం లేదు.

అడయార్_వంతెన (చెన్నై)

టికెట్ల_లెక్క గారు చెప్పినదానికి కలుపుతున్నాను. దారి కూడా ఒకసారి ఆలోచించండి. గల్ఫ్ మీదుగా వెళ్తే నాలుగు గంటలు, ఆపై పద్నాలుగున్నర. హాంకాంగ్ మీదుగా వాంకూవర్ వెళ్తే సుమారు ఆరు గంటలు, ఆపై పన్నెండు. మొత్తం గంటల్లో పెద్ద తేడా ఉండదు. కానీ ఏకబిగిన కూర్చునే భాగం రెండు రెండున్నర గంటలు తగ్గుతుంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారికి అది చిన్న విషయం కాదు. ఓడ ఇంకా బుక్ చేయకపోతే వాంకూవర్‌లో ఎక్కే ఓడ చూడండి. అక్కడ కెనడా ప్లేస్ టెర్మినల్‌లోనే అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ ముగిస్తారు. తిరిగి వాంకూవర్‌లో దిగాలి కాబట్టి కెనడా వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉందో లేదో చూసుకోండి.

విమానం రకం కూడా చూడండి. 777లో ఎకానమీ ఎక్కువగా 3-4-3, సీటు వెడల్పు 17 అంగుళాలు. ఏ350లో 3-3-3, 18 అంగుళాలు. ఏ350లోనూ 787లోనూ క్యాబిన్ గాలి ఒత్తిడి సుమారు 6,000 అడుగుల ఎత్తులో ఉన్నంత. పాత రకాల్లో అది 8,000 దాకా పోతుంది. ఊపిరి సమస్యలున్నవాళ్లకు ఈ తేడా తెలుస్తుంది.

సీట్ల విషయం: ముగ్గురికీ పక్కపక్కన కావాలని కిటికీ వైపు మూడూ తీసుకుంటే లోపల కూర్చున్న పెద్దవాళ్లు లేవడానికి మొహమాటపడతారు, లేవరు. అమ్మగారికీ నాన్నగారికీ నడవ పక్క సీట్లే, ఎదురెదురుగా నడవకు అటొకటి ఇటొకటి తీసుకోండి. అత్యవసర ద్వారం దగ్గరి వరసలో పెద్దవాళ్లను, మోకాళ్ల ఇబ్బందులున్నవాళ్లను కూర్చోనివ్వరు. గోడ ముందున్న మొదటి వరసలో కాళ్లకు చోటు ఉంటుంది కానీ చేతిపట్టీలు పైకి లేవవు, పైగా పసిపిల్లల ఉయ్యాల బిగించేది అక్కడే.

జయనగర్_నాలుగోబ్లాక్

ఓడ బుక్ అయిపోయింది, సియాటిల్ నుంచే. కెనడా వీసా సంగతి నిజంగా తెలియదు, ఈ వారమే దరఖాస్తు పెడతాను. గురువారం టికెట్‌కు మారుస్తున్నాం. అమ్మ కాళ్ల గురించి, నాన్న ఇన్సులిన్ గురించి ఎవరైనా చెప్తారా?

పల్స్_చూసేవాడు (వేళచ్చేరి, చెన్నై)

ముందు కాళ్లు. నాలుగు గంటలు దాటిన ఏ ప్రయాణంలోనైనా పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంత పెరుగుతుంది. ఉబ్బిన నరాలు, 60 దాటిన వయసు, బరువు, ఈమధ్య జరిగిన ఆపరేషన్, హార్మోన్ మాత్రలు, క్యాన్సర్, ఇంతకుముందు గడ్డకట్టిన చరిత్ర ఉంటే ఇంకా పెరుగుతుంది. అమ్మగారికి రెండు కారణాలు ఉన్నాయి. కాబట్టి మోకాలి కింద దాకా వచ్చే కంప్రెషన్ మేజోళ్లు తీసుకోండి. మందుల షాపుల్లో వెరికోజ్ వెయిన్ స్టాకింగ్స్ అనే అడగాలి. క్లాస్ 1 చాలు, అంటే చీలమండ దగ్గర 18 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి. క్లాస్ 2 బిగువు ఎక్కువ, డాక్టర్ చెబితే తప్ప వద్దు.

కొలత పొద్దున్నే, మంచం దిగిన వెంటనే, కాళ్లు వాచకముందు తీయాలి. చీలమండ పైన అతి సన్నగా ఉన్నచోట ఒకటి, పిక్క అతి లావుగా ఉన్నచోట ఒకటి, పాదం నుంచి మోకాలి మడత దాకా పొడవు ఒకటి. షాపువాడు చెప్పు సైజు అడిగి ఇస్తే తీసుకోకండి. పెద్దదైతే పనిచేయదు. చిన్నదైతే, లేదా పైఅంచు మడతపడితే, ఆ మడతే తాడులా బిగిసి రక్తాన్ని ఆపుతుంది. వారం ముందు నుంచే రోజూ రెండు గంటలు వేసుకుని అలవాటు చేయించండి. మోకాళ్లు వంగనివాళ్లకు అవి ఎక్కించడం కష్టం. పాదం మీదుగా పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి మేజోడు లాగి, తర్వాత వేళ్ల వైపు నుంచి కవరు లాగేస్తే సులువు, కాకపోతే వేళ్లు బయటికి ఉండే రకం కొనాలి. ఇంటి దగ్గర బయల్దేరేముందు వేసి, సియాటిల్‌లో గదికి చేరాక తీయండి.

నాన్నగారికి మాత్రం మీ అంతట మీరు వేయొద్దు. షుగర్ ఏళ్ల తరబడి ఉన్నవాళ్లలో కాలి ధమనులు సన్నబడి ఉండొచ్చు, స్పర్శ తగ్గి ఉండొచ్చు. అలాంటి కాలికి బిగుతు మేజోడు హాని చేస్తుంది. డాక్టర్ పాదం మీద నాడి చూసి సరే అంటేనే.

మేజోడు ఉంది కదా అని కదలకుండా ఉండకూడదు. గంటకోసారి మడమ నేలకు ఆనించి వేళ్లు పైకి, మళ్లీ వేళ్లు ఆనించి మడమ పైకి, 20 నుంచి 30 సార్లు. రెండు గంటలకోసారి లేచి వెనక వంటగది దాకా నడవాలి. కాళ్ల ముందు సంచి పెట్టకండి, చాపుకునే చోటు పోతుంది. ఒక్క కాలే వాచి నొప్పి పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు వస్తే, అది ప్రయాణం అయిన కొన్ని వారాల తర్వాతైనా సరే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రెండు పాదాలూ సమానంగా వాచి ఒకటి రెండు రోజుల్లో తగ్గడం మామూలే.

ఇక మందులు. ఈ ప్రయాణంలో ఒక అదృష్టం ఉంది. జూన్‌లో సియాటిల్ మనకంటే పన్నెండున్నర గంటలు వెనక. కాబట్టి నాన్నగారు ఇక్కడ రాత్రి 10కి వేసుకునే గ్లార్జిన్, అక్కడి గడియారంలో పొద్దున తొమ్మిదిన్నర అవుతుంది. అక్కడున్నన్నాళ్లు తొమ్మిదిన్నరకే వేసుకుంటే 24 గంటల ఎడం చెక్కుచెదరదు, మోతాదు మార్చే పనే లేదు. రోజుకు రెండుసార్లు వేసుకునే మాత్ర ఇక్కడ 8కీ 8కీ అయితే అక్కడ ఏడున్నరకీ ఏడున్నరకీ, అంతే. మెట్‌ఫార్మిన్ తిండితోనే. చక్కెరను బాగా దించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర ఉన్నవాళ్లు, భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకునేవాళ్లు ట్రే చేతికొచ్చాకే వేసుకోవాలి. విమానం కుదుపులుంటే వడ్డన గంటసేపు ఆగిపోవచ్చు, అప్పుడు చక్కెర పడిపోతుంది. జేబులో గ్లూకోజ్ బిళ్లలు ఉండాలి. ఈ లెక్క మీ డాక్టర్‌కు చూపించి, కాగితం మీద రెండు గడియారాల సమయాలూ రాయించుకోండి.

ఇన్సులిన్ ఎప్పుడూ చేతిసంచిలోనే. కింద లగేజీలో గడ్డకట్టే ప్రమాదం ఉంది, ఒకసారి గడ్డకట్టింది కరిగాక పనికిరాదు. వాడుతున్న పెన్ గది వేడిలో 28 రోజులు ఉంటుంది, విడి పెన్నులు చల్లటి పౌచ్‌లో, ఐస్ నేరుగా తగలకుండా. మందులన్నీ మొత్తం రోజులకు, పైన ఇంకో వారానికి. చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు టైపు చేయించండి.

మల్లేశ్వరం_మూడోమెట్టు (బెంగళూరు)

విమానం ఎక్కేముందు ఆస్పిరిన్ 75 ఒకటి వేసుకుంటే రక్తం పల్చబడి గడ్డకట్టదని అంటారు కదా. అమ్మగారికి అది సులువేమో? నిద్రకు ఆల్ప్రాజోలం పావు మాత్ర కూడా.

పల్స్_చూసేవాడు

రెండూ వద్దండీ. ఆస్పిరిన్ ధమనుల్లో గడ్డలకు పనికొచ్చే మందు. ప్రయాణంలో వచ్చేది సిరల్లో గడ్డ. కేవలం విమానం కోసం ఆస్పిరిన్ వేసుకోమని వైద్య మార్గదర్శకాలు చెప్పవు, కడుపులో రక్తస్రావం ముప్పు మాత్రం ఉంటుంది. గుండె కోసం ఇప్పటికే వేసుకుంటున్నవాళ్లు మానొద్దు, అంతే. నిద్రమాత్ర వేసుకుంటే మనిషి ఏడెనిమిది గంటలు వంకరగా, కదలకుండా పడి ఉంటాడు. పిక్కలకు అదే కావలసినంత చేటు. పెద్దవాళ్లు మత్తులో బాత్రూమ్‌కు లేచి పడిపోవడం కూడా ఉంది.

నిద్రవేళను సర్దే మెలటోనిన్ వేరు. 1 నుంచి 3 మిల్లీగ్రాములు, అక్కడికి చేరాక, అక్కడి రాత్రి 9 ప్రాంతంలో, మూడు నాలుగు రోజులు చాలు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా వద్దు.

రెండు_గడియారాలు (ఇందిరానగర్, బెంగళూరు)

నిద్ర సంగతి నేను చెప్తాను, మీ టికెట్ సమయాలతోనే.

బెంగళూరులో తెల్లవారుజామున 4 అంటే సియాటిల్‌లో ముందురోజు మధ్యాహ్నం మూడున్నర. దుబాయ్‌లో ఉదయం 9 ప్రాంతంలో రెండో విమానం లేస్తుంది. అది సియాటిల్‌లో రాత్రి 10. అంటే ఆ పద్నాలుగున్నర గంటల ప్రయాణంలో మొదటి ఎనిమిది గంటలు అక్కడి రాత్రే. బయట ఎండ వెలుగుతున్నా మీకు అది రాత్రి అని మనసులో ముద్ర వేసుకోవాలి. విమానం ఎక్కగానే గడియారం మార్చి, మొదటి భోజనం తేలిగ్గా తిని, కళ్లకు గంతలు, చెవుల్లో బిరడాలు పెట్టుకుని పడుకోవడమే. సినిమాలు దిగే ముందు ఆరు గంటలకు దాచుకోండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మొదట నాలుగు సినిమాలు చూసి, దిగడానికి మూడు గంటల ముందు నిద్రపోతారు. అది అక్కడి పొద్దున. ఇక ఆ రాత్రి నిద్ర రాదు.

ముందురోజు సాయంత్రం ఆరింటి నుంచి పదింటి దాకా ఇంట్లో పడుకోబెట్టండి. జయనగర్ నుంచి దేవనహళ్లి విమానాశ్రయం నలభై కిలోమీటర్లకు పైనే, రాత్రి పదకొండున్నరకు బయల్దేరితే గంటంబావు. అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ 2 నుంచి. సాయంత్రం ఏడింటికే బయల్దేరి విమానాశ్రయంలో కూర్చోబెడితే, అసలు ప్రయాణం మొదలయ్యేసరికే వాళ్లు అలిసిపోతారు.

దిగిన రోజు మధ్యాహ్నం జాగ్రత్త. సియాటిల్‌లో సాయంత్రం 4 అంటే మన ఒంటికి తెల్లవారుజాము నాలుగున్నర. శరీర ఉష్ణోగ్రత అట్టడుగుకు పోయే వేళ అది. మూడున్నర నుంచి ఐదున్నర దాకా కళ్లు నిలవవు, చలి వేస్తుంది, వికారం కూడా రావచ్చు. అప్పుడు పడుకుంటే రాత్రి 9కి లేచి కూర్చుంటారు. పన్నెండున్నరకు దిగి, గదికి సామాను చేర్చి, ఆరుబయట వెలుగులో నెమ్మదిగా తిరగండి. మరీ ఆగలేకపోతే అలారం పెట్టుకుని ఇరవై నిమిషాలు, అంతకు మించి వద్దు. రాత్రి తొమ్మిదికి పడక. రెండింటికో మూడింటికో మెలకువ వస్తుంది. రావడం తప్పు కాదు, అప్పుడు లైటు వేసి ఫోన్ చూడటమే తప్పు. చీకట్లోనే పడుకుని ఉండాలి.

అలాస్కా ప్రయాణంలో ఇంకో మేలు ఉంది. మనకు సర్దుకోవలసింది వెనక్కి, అంటే ఆలస్యంగా పడుకునే వైపు. ఒంటికి అదే సులువు. జూన్‌లో అక్కడ రాత్రి 9 దాటాక గానీ పొద్దు వాలదు, ఆ సాయంకాలపు వెలుగు మనల్ని అటే నెడుతుంది. ఓడ అలాస్కా చేరేటప్పుడు గడియారం ఇంకో గంట వెనక్కి పెడతారు, అదీ అనుకూలమే. నాన్నగారి ఇన్సులిన్ అప్పుడు ఓడ గడియారంలో ఎనిమిదిన్నర అవుతుంది, గుర్తుంచుకోండి. పూర్తిగా సర్దుకోవడానికి వారం పైనే పట్టొచ్చు. హిమనదం చూసే ఉదయానికి కళ్లు తెరుచుకుని ఉండాలంటే ఆ రెండు ముందు రాత్రులు కావాలి.

వడియాల_డబ్బా (టీ నగర్, చెన్నై)

తిండి. పైకి వెళ్లినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి కడుపులోని గాలి దాదాపు పావు వంతు పైగా ఉబ్బుతుంది. అందుకే ముందురోజు నుంచి శనగలు, రాజ్మా, క్యాబేజీ, సోడాలు మానాలి. క్యాబిన్‌లో తేమ 10 నుంచి 20 శాతమే. గంటకు ఒక చిన్న గ్లాసు నీళ్లు, ఒకేసారి అరలీటరు కాదు.

శాకాహారం కావాలంటే టికెట్‌లో ఏవీఎంఎల్ అని పెట్టించాలి, మన మసాలాతో వచ్చే భోజనం అదే. నాన్నగారికి షుగర్ భోజనం అని డీబీఎంఎల్ పెట్టించేముందు ఆలోచించండి. అందులో మాంసం, చేప రావచ్చు, అది శాకాహారం అన్న హామీ లేదు. శాకాహారి అయితే ఏవీఎంఎల్ తీసుకుని తీపి పక్కన పెట్టేయడమే మేలు. కనీసం 48 గంటల ముందు, వెళ్లేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు, నాలుగు ప్రయాణాలకూ విడివిడిగా నమోదైందో లేదో చూడండి.

ఇంటి నుంచి పులిహోర తెచ్చుకుంటే మొదటి విమానంలోనే తినేయాలి. దద్దోజనం భద్రతా తనిఖీలో ఆగిపోవచ్చు. ఆవకాయ, నెయ్యి చేతిసంచిలో పనికిరావు, 100 మిల్లీలీటర్ల నియమం ముద్దగా ఉండే వాటికీ వర్తిస్తుంది. అమెరికా విమానాల్లో చేతిసంచిలో 350 మిల్లీలీటర్లు మించిన పొడి ఉంటే విప్పి చూస్తారు, కాబట్టి కందిపొడి, కారప్పొడి కింద లగేజీలోకి. ఎండుకొబ్బరి, కర్పూరం రెండు చోట్లా వద్దు, మంటంటుకునే వస్తువుల కింద ఆపేస్తారు. పచ్చి కరివేపాకు, పండ్లు అమెరికాలో తీసేసుకుంటారు. తిండి పదార్థాలు ఏమున్నా ప్రకటించండి, ప్రకటించకపోతేనే జరిమానా.

దుబాయ్‌లో విమానాశ్రయం దాటి ఊళ్లోకి వెళ్లే ఉద్దేశం ఉంటే ఇంకో మాట. గసగసాలు అక్కడ నిషిద్ధం, మసాలాపొడిలో కలిపి ఉన్నా సరే.

పల్స్_చూసేవాడు

వడియాల_డబ్బా గారి మాటకు తోడు: షుగర్ వల్ల కాళ్ల మంటలకు ఇచ్చే ప్రెగాబాలిన్, నొప్పులకు ఇచ్చే ట్రమడాల్, దగ్గు మందులోని కోడీన్ కూడా ఆ దేశంలో నియంత్రిత మందులే. ఊళ్లోకి దిగేవాళ్లు ముందుగా అక్కడి ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. విమానం మారడానికి మాత్రమే ఆగేవాళ్లైనా చీటీ దగ్గర పెట్టుకోండి.

చూళైమేడు_చివరివీధి (చెన్నై)

ఇదే చర్చలో అడగొచ్చా? మాది అంటార్కిటికా ఓడ, డిసెంబర్‌లో, అర్జెంటీనాలోని ఉషుయాయా నుంచి. ఇద్దరం, 58, 61. విమానాల గురించి ఏం చూసుకోవాలి?

అడయార్_వంతెన

అది ఇంకా దూరం, ఇంకా చిక్కు. చెన్నై నుంచి దోహా, దుబాయ్, ఆడిస్ అబాబా, ఏ దారిన వెళ్లినా విమానం బ్రెజిల్‌లో ఆగి బ్యూనస్ ఐరిస్ వెళ్తుంది. దోహా నుంచి సావో పాలోకే పద్నాలుగు గంటలకు పైగా. బ్యూనస్ ఐరిస్‌లో అంతర్జాతీయ విమానం దిగేది ఎసేసా. ఉషుయాయా విమానాలు ఎక్కువగా లేచేది ఊళ్లో నది ఒడ్డునున్న ఆయెరోపార్కే నుంచి. రెండింటి మధ్య సుమారు 40 కిలోమీటర్లు, సామాను మీరే తీసుకుని వెళ్లాలి. అదే రోజు ఎక్కాలనుకుంటే ఆరు గంటల ఎడం లేకుండా కొనకండి, అసలు ఆ రాత్రి అక్కడే ఉండటం మంచిది. దేశీయ టికెట్లలో చాలావాటికి లగేజీ 15 కిలోలే. చలిబట్టలు బరువు కాబట్టి అదనపు కిలోలు ముందే కొనండి. బురద బూట్లు చాలా ఓడలే ఇస్తాయి, మోసుకెళ్లకండి, కంపెనీని అడగండి.

ఉషుయాయాకు మూడున్నర గంటలు. ఓడకు రెండు రోజుల ముందు చేరండి. ఓడ తప్పిపోతే వెంటపడి ఎక్కే తర్వాతి రేవు అక్కడ లేదు.

పల్స్_చూసేవాడు

పసుపు జ్వరం టీకా మరవకండి. ఇది పోయేటప్పటికంటే తిరిగి వచ్చేటప్పుడు పట్టుకుంటుంది. ఇథియోపియా, బ్రెజిల్, అర్జెంటీనా మూడూ మన ప్రభుత్వం ఆ జ్వరం ఉందని పేర్కొన్న దేశాల జాబితాలో ఉన్నాయి. సర్టిఫికెట్ లేకుండా దిగితే, ఆ దేశం వదిలి ఆరు రోజులు నిండేదాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. అంటార్కిటికాలో పది రోజులు గడిపాం కదా అంటే కుదరదు, తిరుగు విమానం మళ్లీ బ్రెజిల్ మీదుగానే వస్తుంది, లెక్క అక్కడినుంచి మొదలు. విమానాశ్రయం దాటనివాళ్లకు మినహాయింపు ఉన్నా అది అక్కడి ఆరోగ్యాధికారి ఒప్పుకుంటేనే.

టీకా వేసిన పదో రోజు నుంచి సర్టిఫికెట్ చెల్లుతుంది, 2016 నుంచి అది జీవితాంతానికి. చెన్నైలో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు, ఏ రోజు వేస్తారో ముందు అడిగి పాస్‌పోర్ట్‌తో వెళ్లండి. 61 ఏళ్లాయన మాత్రం ముందు డాక్టర్‌తో మాట్లాడాలి. 60 దాటినవాళ్లలో ఈ టీకాకు అరుదైనా తీవ్రమైన దుష్ప్రభావాలు ఎక్కువ. గుడ్డు పడనివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు కూడా. వేయకూడదని డాక్టర్ తేలిస్తే మినహాయింపు పత్రం రాయించుకోవాలి, దాన్ని ఒప్పుకోవడం మాత్రం అధికారుల ఇష్టం. అందుకే నెల రోజుల ముందే తేల్చుకోండి.

ఉషుయాయాకూ అంటార్కిటికాకూ మధ్య ఉన్న డ్రేక్ జలసంధి దాటడానికి రెండు రోజులు. వాంతుల మాత్ర ఓడ బీగిల్ కాలువ దాటి బయటి సముద్రంలోకి వెళ్లే గంట రెండు గంటల ముందే పడాలి, వికారం మొదలయ్యాక వేస్తే నిలవదు. ఆ మాత్రలు నిద్రమత్తు ఇస్తాయి, నిద్రలేమి ఉన్న ఒంటికి రెట్టింపు. దానితో పాటు అలర్జీకి వేసే సెట్రిజిన్ లాంటివి కలపకండి. ప్రొస్టేట్, గ్లకోమా ఉన్నవాళ్లు ఏ మాత్రో డాక్టర్‌ను అడిగే కొనాలి.

టికెట్ల_లెక్క

సామాను గురించి ఎవరూ చెప్పలేదు, చెప్పేస్తాను. చెక్-ఇన్‌లో ఇచ్చే ట్యాగు మీద చివరి ఊరి కోడ్ చదవండి, దుబాయ్ దాకానే వేశారేమో అక్కడే చూడాలి. ముగ్గురి బట్టలూ అన్ని పెట్టెల్లో కలిపి సర్దండి, ఒక పెట్టె పోతే ఒక మనిషి బట్టలన్నీ పోకుండా. చేతిసంచిలో రెండు రోజుల బట్టలు, ఒక స్వెట్టర్. ఓడ కదిలాక వెనకాలే వచ్చే పెట్టె మిమ్మల్ని తర్వాతి రేవులో అందుకోవాలి, అందుకోకపోవచ్చు.

పెట్టె రాకపోతే ఆ హాల్లోంచి బయటికి రాకముందే కౌంటర్‌లో పీఐఆర్ కాగితం (సామాను రాలేదన్న ఫిర్యాదు) రాయించుకోండి. అందులో హోటల్ చిరునామాతో పాటు ఓడ పేరు, రేవుల తేదీలు కూడా ఇవ్వండి. విరిగిన సామానుకు ఏడు రోజుల్లో, ఆలస్యంగా వచ్చినదానికి 21 రోజుల్లో రాతపూర్వకంగా అడగాలి. అంతర్జాతీయ ఒప్పందం కింద మనిషికి పరిహారం పరిమితి ఇప్పుడు 1,519 ఎస్‌డీఆర్‌లు (అంతర్జాతీయ ద్రవ్యనిధి లెక్క కట్టే ప్రమాణం). బిల్లులు ఉంచుకోండి. బంగారం, మందులు, పాస్‌పోర్ట్‌లు కింద వేయకండి.

పవర్ బ్యాంక్ చేతిసంచిలోనే, 100 వాట్-గంటల లోపు. 20,000 ఎంఏహెచ్‌ది 74 అవుతుంది, సరిపోతుంది. 2025 అక్టోబర్ నుంచి ఎమిరేట్స్‌లో మనిషికి ఒకటే, విమానంలో దానితో ఛార్జింగ్ చేయకూడదు.

ఇన్సూరెన్స్‌లో మూడు మాటలు వెతకండి: ముందునుంచీ ఉన్న జబ్బులు, తప్పిపోయిన కనెక్షన్, ఓడ మీది నుంచి ఆసుపత్రికి తరలింపు. షుగర్ ఉందని రాయకుండా తీసుకున్న పాలసీ అవసరంలో పనికిరాదు.

జయనగర్_నాలుగోబ్లాక్

అందరికీ కృతజ్ఞతలు. మార్చిన ప్లాన్: మంగళవారం రాత్రి పదకొండున్నరకు ఇంటి నుంచి, బుధవారం తెల్లవారుజామున 4కి విమానం, బుధవారం మధ్యాహ్నమే సియాటిల్. గురువారం టికెట్ కంటే ఇది చవగ్గా దొరికింది. మూడు రాత్రులు హోటల్. ఒకే పీఎన్ఆర్. అమ్మకు వీల్‌చైర్ అడగాలా, నడవగలదు కానీ మెట్లు కష్టం. రేవుకు శనివారం ఎన్నింటికి వెళ్లాలి?

అడయార్_వంతెన

తప్పకుండా అడగండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. దుబాయ్‌లో ఒక గేటు నుంచి ఇంకో గేటుకు చాలా దూరం నడవాలి. కోడ్ సరిగ్గా పెట్టించండి. డబ్ల్యూసీహెచ్ఆర్ అంటే దూరం నడవలేరు కానీ మెట్లు ఎక్కగలరు. డబ్ల్యూసీహెచ్ఎస్ అంటే మెట్లు ఎక్కలేరు, సీటు దాకా నడవగలరు. అమ్మగారికి రెండోదే. మొదటిది పెట్టిస్తే, విమానం దూరంగా ఆగి బస్సులో దించినప్పుడు మెట్ల దగ్గర నిలబెట్టేస్తారు. 48 గంటల ముందు ఫోన్ చేసి నాలుగు ప్రయాణాలకూ నమోదు చేయించండి. ఓడ కంపెనీకి విడిగా చెప్పాలి, విమానం వాళ్లు చెప్పింది వాళ్లకు చేరదు.

టికెట్ల_లెక్క

రేవుకు మీ చెక్-ఇన్ పత్రంలో రాసిన గంటకే వెళ్లండి, ముందు వెళ్తే బయట నిలబడాలి. సియాటిల్‌లో క్రూజ్ ఓడలకు రెండు వేర్వేరు చోట్లు ఉన్నాయి, పియర్ 66, పియర్ 91. రెండింటికీ మధ్య కొన్ని కిలోమీటర్లు. మీ ఓడ దేనిదో ఆ పత్రంలో చూసి, టాక్సీ ఎక్కేముందే ఆ నంబర్ చెప్పండి.